యూరప్‌లో అద్దె కారు: మనుషులకు చెరిగిన సరిహద్దులు బండికి ఎందుకు మిగిలాయి?

మ్యూనిక్‌లో కారు తీసుకుని, ఆస్ట్రియా మీదుగా వెళ్లి వెనిస్‌లో అప్పగించేద్దామనుకునే వాళ్లకు మొదటి దెబ్బ ‘వన్‌వే ఫీజు’. చాలాసార్లు అది వారం అద్దెను కూడా మించిపోతుంది. అదే కారును తిరిగి మ్యూనిక్‌లోనే ఇస్తే ఆ ఖర్చే ఉండదు. కంపెనీల దురాశే దీనికి కారణమని చాలామంది అనుకుంటారు. అసలు చిక్కు పాత చట్టాల్లో ఉంది.

1985 జూన్ 14న లక్సెంబర్గ్‌లోని షెంగెన్ దగ్గర, మోసెల్ నది మీద ఒక పడవలో ఐదు దేశాలు సంతకాలు చేశాయి. 1995 మార్చి 26 నుంచి అమలు మొదలైంది. ఆ ఒప్పందం తీసేసింది మనుషుల తనిఖీని. బండి రిజిస్ట్రేషన్, దాని మీద పన్ను మాత్రం ఏ దేశానివి ఆ దేశం చేతిలోనే ఉండిపోయాయి. ఒక దేశం కారు ఇంకో దేశంలో పన్ను కట్టకుండా తాత్కాలికంగా తిరగడానికి 1983లో యూరోపియన్ కమ్యూనిటీ (నేటి యూరోపియన్ యూనియన్‌కు ముందు రూపం) ఒక ఆదేశం తెచ్చింది. అద్దె కార్ల విషయంలో అది మెలిక పెట్టింది. జర్మన్ నంబరు కారును ఇటలీలో అప్పగించేస్తే, దాన్ని అక్కడి నివాసికి మళ్లీ అద్దెకివ్వకూడదు. ఇటలీలో నివాసం లేనివాళ్లకు, అదీ కారు దేశం దాటి బయటికి వెళ్లేలా ఉంటేనే ఇవ్వాలి. లేదా కంపెనీ ఉద్యోగి దాన్ని వెనక్కి తోలుకురావాలి. ఆ ఖాళీ ప్రయాణం ఖర్చంతా మన బిల్లులోకి చేరుతుంది.

అందుకే అనుభవజ్ఞులు దారిని గుండ్రంగా వేసుకుంటారు, ఎక్కడ తీసుకున్నారో అక్కడే ఇచ్చేలా. అది కుదరకపోతే సరిహద్దు దాటే ముక్కకు రైలెక్కుతారు. మ్యూనిక్ నుంచి వెరోనా దాకా రైల్లో వెళ్లి, అక్కడ ఇటలీ నంబరు కారు తీసుకుంటే ఆ ఫీజు బెడద ఉండదు.

కాగితాల కథ ఇంకా పాతది. వేరే దేశంలో బండి నడపడానికి అంతర్జాతీయ పత్రం ఉండాలన్న ఏర్పాటు 1909 నాటి పారిస్ ఒప్పందంతో మొదలైంది. నేడు మన ఆర్టీఏ ఆఫీసులు ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌కు ఆధారం 1949 నాటి జెనీవా ఒప్పందం. దాని గడువు ఏడాదే. అది మన లైసెన్సుకు అనువాదం లాంటిది మాత్రమే, కాబట్టి అసలు కార్డు వెంట లేకపోతే కౌంటర్లో తాళాలు ఇవ్వరు. జర్మనీలో ఉద్యోగానికో చదువుకో వెళ్లిన తెలుగువాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడ నివాసం మొదలైన ఆరు నెలల తర్వాత భారత లైసెన్సుతో బండి నడపకూడదు. రాతపరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ పాసై జర్మన్ లైసెన్సు తీసుకోవాల్సిందే.

వేరే దేశంలోనూ బండికి బీమా ఉందని చూపే ‘గ్రీన్ కార్డ్’ పద్ధతి 1953 జనవరి 1న మొదలైంది. 1972 నాటి ఆదేశంతో కమ్యూనిటీ దేశాల మధ్య దాన్ని సరిహద్దులో తనిఖీ చేసే అవసరం పోయింది. 2020 జూలై నుంచి దాన్ని తెల్లకాగితం మీద నలుపులో ముద్రించినా చెల్లుతుంది. అయితే ఇది ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి మాత్రమే. మనం తీసుకున్న కారుకు తగిలే దెబ్బ అద్దె ఒప్పందం చూసుకుంటుంది. ఆ ఒప్పందంలో లేని దేశంలోకి వెళితే ఆ రక్షణ మొత్తం రద్దయిపోవచ్చు.

దీనికి మంచి ఉదాహరణ క్రొయేషియా తీరం. స్ప్లిట్ నుంచి డుబ్రోవ్నిక్ వెళ్లే దారిలో నెయుమ్ దగ్గర బోస్నియా భూభాగం అడ్డుపడుతుంది. రోడ్డు మీద అది 10 కిలోమీటర్లు కూడా ఉండదు. కానీ ఆ కాస్త ముక్క కోసమే కంపెనీ దగ్గర బోస్నియాకు అనుమతి రాయించుకోవాల్సి వచ్చేది. 2022 జూలై 26న పెల్యెషాట్స్ వంతెన తెరుచుకున్నాక క్రొయేషియా దాటకుండానే డుబ్రోవ్నిక్ చేరుకోవచ్చు. బోస్నియాలోని మోస్టార్ ఊరు చూడాలనుకుంటే మాత్రం అనుమతి తప్పదు. బుకింగ్ సమయంలోనే దేశాల పేర్లన్నీ చెప్పి, ఒప్పందం కాగితం మీద అవి పడ్డాయో లేదో చూసుకోవాలి. ఖరీదైన జర్మన్ కార్లను తూర్పు దేశాలకు పోనివ్వని షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. 1990లలో దొంగ కార్లు అటు తరలిన కాలం మిగిల్చిన భయమది.

ఇక రోడ్డు రుసుము. ఇటలీలో మిలాన్ నుంచి సరస్సుల వైపు 1924లోనే టోల్ మోటార్‌వే తెరిచారు. ఈనాటికీ ఇటలీలో చాలా మోటార్‌వేల మీద ప్రవేశంలో టికెట్ తీసుకుని, దిగేచోట డబ్బు కడతాం. స్విట్జర్లాండ్ 1985లో అద్దానికి అతికించే స్టిక్కర్, అంటే విన్యెట్ తెచ్చింది. అప్పుడు 30 ఫ్రాంకులు, 1995 నుంచి 40. దాన్ని 100 చేద్దామంటే 2013లో ప్రజలే ఓటు వేసి వద్దన్నారు. రోజుకో వారానికో అక్కడ విడిగా అమ్మరు. ఒక్కరోజు తిరిగినా ఏడాది విన్యెట్ కొనాలి. లేకుండా దొరికితే 200 ఫ్రాంకుల జరిమానా, పైగా విన్యెట్ ధర. 2023 ఆగస్టు నుంచి ఎలక్ట్రానిక్ విన్యెట్ కూడా వచ్చింది. అది నంబరు ప్లేటుకు ముడిపడి ఉంటుంది కనుక, కారు చేతికొచ్చి నంబరు తెలిసేదాకా కొనకండి. స్విస్ కంపెనీ కారుకైతే సాధారణంగా అది ముందే ఉంటుంది. జెనీవా విమానాశ్రయంలో ఫ్రెంచ్ సెక్టార్, స్విస్ సెక్టార్ వేర్వేరు. ఫ్రెంచ్ వైపు అద్దె తక్కువ కనిపిస్తుంది, కానీ అవి ఫ్రెంచ్ నంబరు కార్లు కాబట్టి విన్యెట్ మనమే కొనుక్కోవాలి. చలికాలంలో మంచు టైర్లున్నాయో లేదో కూడా అడిగి తెలుసుకోవాలి.

ఆస్ట్రియా 1997లో, స్లొవేనియా 2008లో విన్యెట్ బాట పట్టాయి. జర్మనీ కూడా కార్లకు రుసుము పెట్టాలని చూసింది. సొంత పౌరులకు ఆ మొత్తాన్ని వాహన పన్నులో తగ్గించి ఇవ్వబోవడంతో, విదేశీయుల మీద వివక్ష అని ఆస్ట్రియా కోర్టుకెక్కింది. 2019 జూన్‌లో యూరోపియన్ న్యాయస్థానం ఆ జర్మన్ రుసుమును కొట్టేసింది. అందుకే జర్మన్ ఆటోబాన్ (మోటార్‌వే) కార్లకు నేటికీ ఉచితం.

ఫ్రాన్స్‌లో పారిస్ నుంచి నార్మాండీ వెళ్లే ఏ13 మీద 2024లో టోల్ గేట్లే తీసేశారు. కెమెరా నంబరు చదువుతుంది, 72 గంటల్లో ఆన్‌లైన్‌లో కట్టాలి. ఆగి కట్టే చోటు లేదు కాబట్టి కొత్తవాళ్లు మరిచిపోతారు. నోటీసు కంపెనీకి వెళుతుంది, కంపెనీ మన పేరు ఇచ్చి తన సేవారుసుమును మన క్రెడిట్ కార్డులోంచి లాగుతుంది, జరిమానా తర్వాత విడిగా వస్తుంది. ఇటలీ పాతబస్తీల్లో బయటి కార్లను నిషేధించిన ‘జెడ్‌టీఎల్’ ప్రాంతాల్లోనూ ఇదే తంతు. విదేశీ చిరునామాకు నోటీసు పంపడానికి అక్కడి చట్టం 360 రోజుల గడువు ఇచ్చింది, కాబట్టి ఊరు చేరాక చాలా నెలలకు కూడా అది రావచ్చు. ఫ్లోరెన్స్ లాంటి చోట హోటల్ ఆ నిషేధ ప్రాంతం లోపల ఉంటే, కారు నంబరును ముందే హోటల్ వాళ్లకిచ్చి నమోదు చేయించండి. లేదా ఆ ప్రాంతం బయటి పార్కింగ్‌లో కారు పెట్టి సామానుతో నడిచి వెళ్లండి.