విమానం రేడియోలో ఆ టకటక ఎక్కణ్ణించి?

చిన్నికీ, బుజ్జిగాడికీ తాతయ్య ఆశీస్సులు.

మీ అన్నయ్య ఫ్లయింగ్ క్లబ్బు నుంచి పంపిన ఆడియోలో మాటల వెనక టకటకమని మోత వస్తోందనీ, ఆ పాత రేడియో తీసేసి కొత్తది పెట్టించుకోవచ్చు కదా అనీ అడిగారు. ఫోన్‌లో మొదలుపెడితే సగంలోనే మీ అమ్మ అన్నానికి పిలుస్తుంది, అందుకే రాస్తున్నాను. కొత్త రేడియో పెట్టినా ఆ టకటక పోదు. రేడియో తన పని తాను చక్కగానే చేస్తోంది, తన దాకా వచ్చినదాన్ని వినిపిస్తోంది. వెతకాల్సింది ఇంజిన్ వైపు.

పెట్రోలు ఇంజిన్ తిరగాలంటే నిప్పురవ్వ కావాలి. ఆ రవ్వ ఎగిరిన ప్రతిసారీ రేడియో తరంగం కూడా పుడుతుంది, మనకు కావాలన్నా వద్దన్నా. అసలు రేడియో పుట్టిందే రవ్వలోంచి. 1887లో జర్మనీలో హెర్ట్జ్ ఈ తరంగాలను పట్టుకున్నది రవ్వలు ఎగరేసే. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ గోడల అవతల గంట మోగించిందీ రవ్వతోనే. 1912లో టైటానిక్ మునిగిపోతూ సాయం కోసం పంపిన సంకేతాలు కూడా రవ్వ ట్రాన్స్‌మిటర్ నుంచి వెళ్లినవే. అంటే స్పార్క్ ప్లగ్గు ఉన్న ప్రతి బండీ ఒక బుల్లి రేడియో స్టేషనే, పాటలు మాత్రం వేయదు. మా రోజుల్లో ఇంటి ముందు నుంచి స్కూటర్ వెళితే టీవీ తెర నిండా చుక్కలు పడేవి. కారణం ఇదే.

మీ అన్నయ్య నేర్చుకుంటున్న సెస్నా 152 విమానంలో నాలుగు సిలిండర్లు. ఒక్కో దానికి రెండేసి ప్లగ్గులు, మొత్తం ఎనిమిది. వీటికి కరెంటు ఇచ్చేవి మాగ్నెటోలు, అవి రెండు. ఒకటి చెడినా రెండోది నడిపిస్తుంది. లోపల అయస్కాంతం తిరుగుతూ సొంతంగా కరెంటు పుట్టించుకుంటుంది కాబట్టి, విమానంలో బ్యాటరీ పూర్తిగా చచ్చినా ఇంజిన్ ఆగదు. ప్లగ్గు దాకా వెళ్లే వోల్టేజి ఇరవై వేల దాకా ఉంటుంది. నిమిషానికి 2400 చుట్లు తిరిగేటప్పుడు ఒక్కో మాగ్నెటో సెకనుకు 80 సార్లు రవ్వ విసురుతుంది. కావాలంటే లెక్క వేసి చూడండి: నాలుగు సిలిండర్లూ ఒక్కోసారి మండాలంటే ఇంజిన్ రెండు చుట్లు తిరగాలి.

మరి ఈ మోత విమానం రేడియోకే ఎందుకు అంటుకుంటుంది? విమానాలు మాట్లాడుకునేది 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య, అదీ ఏఎమ్ పద్ధతిలో. ఏఎమ్‌లో తరంగం ఎత్తు పెరగడం, తగ్గడమే మాట. రవ్వ చేసేది కూడా ఆ ఎత్తును కుదిపేయడమే. అందుకని రెండూ కలిసిపోతాయి. ఎఫ్ఎమ్ అయితే ఎత్తును పట్టించుకోదు కాబట్టి నిశ్శబ్దంగా ఉంటుంది. అయినా విమానాలు ఏఎమ్‌ను వదల్లేదు. ఇద్దరు పైలట్లు ఒకేసారి మాట్లాడితే ఎఫ్ఎమ్‌లో బలమైన గొంతు రెండోదాన్ని పూర్తిగా మింగేస్తుంది, ఎవరికీ తెలియను కూడా తెలియదు. ఏఎమ్‌లో కీచుమంటుంది, టవర్ వాళ్లు మళ్లీ చెప్పమని అడుగుతారు. మీ అన్నయ్య ఎగిరే బేగంపేట చుట్టూ శంషాబాద్, హకీంపేట, దుండిగల్ ఉన్నాయి, అన్నీ విమానాలు దిగే చోట్లే. ఇంత ఇరుకు ఆకాశంలో ఎత్తు గురించి చెప్పిన ఒక్క అంకె టకటకలో పడి వినిపించకపోతే ఎంత టెన్షనో మీరే ఆలోచించండి.

ఇక అసలు పని, దొంగను పట్టుకోవడం. ముందు ఏ స్పానరూ ముట్టుకోకూడదు, వినాలి. నాకు నచ్చని మెకానిక్ ఎవరంటే చెవి పెట్టకుండా బోల్టులు విప్పేవాడు. ఇంజిన్ ఆపేసి, బ్యాటరీ మీద రేడియో, లైట్లు మాత్రం వేసి వినండి. అప్పుడూ మోత ఉంటే ఇంజిన్‌కు సంబంధం లేదు. రెక్కల చివర మెరిసే స్ట్రోబ్ లైట్లు కావచ్చు, వాటిది మెరుపు మెరుపుకూ ఒక చిన్న కూత, ఇంజిన్ ఎంత వేగంగా తిరిగినా మారదు. తరవాత ఇంజిన్ వేసి థ్రాటిల్, అంటే వేగం పెంచే పిడి, మెల్లగా పెంచండి. గుయ్ మనే రాగం సన్నబడుతూ పైకి పోతే అది బ్యాటరీకి ఛార్జి ఎక్కించే ఆల్టర్నేటర్. దాని స్విచ్ ఒక్క క్షణం ఆపితే రాగమూ ఆగుతుంది. టకటక దగ్గరపడి బర్రుమంటే మాత్రం అది రవ్వే.

రెండు మాగ్నెటోల్లో ఏది? దానికి పైలట్లు ప్రతిసారీ ఎగిరే ముందు చేసే పరీక్షే చాలు. 1700 చుట్ల దగ్గర పెట్టి, తాళంచెవిని ఒకసారి రైటుకు, ఒకసారి లెఫ్టుకు తిప్పుతారు. ఒక మాగ్నెటో ఆగినప్పుడు చుట్లు కొంచెం పడతాయి. 125కు మించి పడకూడదు. చుట్లతో పాటు హెడ్‌సెట్‌నూ గమనిస్తే, ఏది ఆగినప్పుడు మోత ఆగిందో అదే మన దొంగ.

అది ఏ దారిన లోపలికి వస్తోందో కూడా తెలియాలి. ఇంజిన్ ఆపి, రేడియో వెనక యాంటెన్నా వైరు విప్పి, మళ్లీ ఇంజిన్ వేసి వినాలి. మోత పోతే గాలిలోంచి యాంటెన్నా ద్వారా వస్తున్నట్టు. పోకపోతే కరెంటు వైరు వెంటో, హెడ్‌సెట్ వైరింగులోంచో. వాల్యూమ్ సున్నా చేసినా వినిపిస్తే హెడ్‌సెట్ వైపే. యాంటెన్నా లేనప్పుడు మాట్లాడే బటన్ మాత్రం నొక్కకూడదు, రేడియో కాలిపోవచ్చు.

ఇప్పుడు జాగ్రత్తగా చదవండి. మాగ్నెటో నుంచి తాళంచెవి స్విచ్ దాకా ఒక వైరు వస్తుంది, పీ-లీడ్ అంటాం. మన ఇంట్లో స్విచ్ ఆపితే వైరు తెగినట్టు. ఇక్కడ అంతా తలకిందులు: స్విచ్ ఆపితే పీ-లీడ్ ఇంజిన్ లోహానికి కలుస్తుంది, అంటే ఎర్త్ అవుతుంది, అప్పుడే మాగ్నెటో రవ్వ మానేస్తుంది. ఆ వైరు చుట్టూ సన్నని తీగలతో అల్లిన తొడుగు ఉంటుంది, మోత బయటికి పోకుండా. నేను ఎక్కువగా చూసిన జబ్బు ఇక్కడే. మాగ్నెటో వెనక, వైరు వంగి నట్టులోకి దూరే వేలెడు చోట, వేడికీ అదురుకూ అల్లిక నల్లబడి పోచలు ఒక్కొక్కటే తెగుతాయి. టార్చి వేసి, చిన్న అద్దం పెట్టి చూస్తే తొడుగు రెండు మూడు పోచల మీద వేలాడుతుంటుంది. ఆ తొడుగు మాగ్నెటో దగ్గర ఎర్త్ తప్పితే, పీ-లీడ్ డాష్‌బోర్డు వెనక దాకా సాగిన యాంటెన్నా అయిపోతుంది.

తొడుగు పోతే మోత, అంతవరకే. లోపలి వైరు కూడా తెగితే? స్విచ్ ఆఫ్‌లో ఉన్నా మాగ్నెటో బతికే ఉంటుంది. ఇంజిన్ ఆగింది కదా అని ఎవరో ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పితే, సిలిండర్‌లో మిగిలిన కాస్త పెట్రోలుకే అది గిర్రున తిరిగి చెయ్యి తీసేయగలదు. ఆ తెగిన సంగతి ముందే చెప్పేది ఇందాకటి పరీక్షే: ఆ వైపు మాగ్నెటో ఆపినప్పుడు చుట్లు అసలు పడవు. చుట్లు పడలేదు, ఇంజిన్ బాగుందని సంతోషించే కుర్రాళ్లకు నేను అప్పట్లో గట్టిగానే చీవాట్లు పెట్టేవాణ్ణి. మీరు విమానాలు నిలిపే హ్యాంగర్‌కు వెళ్లినప్పుడు ఏ ప్రొపెల్లర్‌నూ ముట్టుకోవద్దని మీ అమ్మ ఊరికే అనదు.

పీ-లీడ్ బాగానే ఉంటే ప్లగ్గులకు వెళ్లే లావు వైర్లు చూడాలి. వాటికీ తొడుగులుంటాయి, ప్లగ్గు మీద నట్టు ఒకటి వదులైనా చాలు, అక్కడి నుంచి కారిపోతుంది. ఇంజిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి, దాన్ని విమానం బాడీకి కలిపే ఎర్త్ పట్టీ తుప్పు పట్టిందేమో కూడా చూస్తారు.

కోఠి గుజరాతీ గల్లీలో ఒక కండెన్సర్ తెచ్చి వేస్తే పోదా అని బుజ్జిగాడు అడుగుతాడని నాకు తెలుసు. రేడియోలో మోత తగ్గించే కండెన్సర్లు నిజంగానే ఉన్నాయి, మాగ్నెటోకు బిగిస్తారు. కానీ విమానంలో పెట్టే ప్రతి వస్తువుకూ కాగితం ఉండాలి, లైసెన్సున్న ఇంజినీరు సంతకం పెట్టాలి. పైగా తొడుగు తెగి ఉండగా కండెన్సర్ వేయడమంటే జబ్బును వదిలేసి మోతను మూసేయడమే.

మీరు ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. నా పాత ట్రాన్సిస్టర్ మీ అమ్మ అల్మారాలో ఉంది. మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేని చోట పెట్టి, పొయ్యికి దూరంగా, గ్యాస్ కట్టేసి ఉన్నప్పుడు, పక్కనే గ్యాస్ లైటర్ నొక్కండి. తరవాత ఎఫ్ఎమ్‌కు మార్చి, వివిధ భారతి 102.8 మీద పెట్టి మళ్లీ నొక్కండి. ఎన్ని అడుగుల దూరం దాకా టక్కుమందో రెండింటికీ టేపుతో కొలిచి నాకు రాయండి.

ఇట్లు,
తాతయ్య