పతకాలకన్నా ముందే ఇచ్చిన మాట

ఏటా ఆగస్టు 19న ప్రపంచ మానవతా దినోత్సవం జరుపుతున్నారు. 2003లో అదే రోజున బాగ్దాద్‌లోని ఐక్యరాజ్యసమితి కార్యాలయంపై బాంబు దాడి జరిగింది. సమితి ప్రతినిధి సెర్జియో వియెరా డి మెల్లోతో సహా 22 మంది చనిపోయారు. యుద్ధాల్లో, విపత్తుల్లో వైద్యం అందించేవారికి ఆ రోజు ప్రశంసలు దక్కుతాయి. అవి దక్కవలసినవే. అయితే ప్రపంచం వారికి మొదట ఇచ్చింది ప్రశంస కాదు, ప్రాణాలకు హామీ.

1859 జూన్ 24న ఉత్తర ఇటలీలోని సోల్ఫెరినో వద్ద భీకర యుద్ధం జరిగింది. గాయపడిన సైనికులు వేల సంఖ్యలో పక్కనున్న కాస్టిగ్లియోనె పట్టణానికి చేరారు. వ్యాపారం పని మీద అటు వచ్చిన జెనీవా వాసి హెన్రీ డ్యునాంట్ ఆ దుస్థితి చూసి, ఊరివాళ్లను కూడగట్టాడు. ఎవరు ఏ పక్షమని అడగకుండా అక్కడి స్త్రీలు గాయాలు కడిగారు, నీళ్లు తాగించారు. తర్వాత డ్యునాంట్ పట్టుదల వల్లే 1864 ఆగస్టు 22న మొదటి జెనీవా ఒప్పందం కుదిరింది. అందులో ఉన్నవి పది అధికరణాలే. సైనిక ఆసుపత్రులు, వైద్య సిబ్బంది తటస్థులని, వారిని ఎర్ర శిలువ గుర్తు కాపాడుతుందని ఒప్పుకున్నారు. క్షతగాత్రులకు సాయపడే స్థానికుల జోలికి పోకూడదని ఐదో అధికరణం చెబుతుంది. అది చదివినప్పుడల్లా నాకు కాస్టిగ్లియోనె స్త్రీలే గుర్తుకొస్తారు.

పతకాలు ఆ తర్వాత వచ్చాయి. నర్సులకిచ్చే ఫ్లోరెన్స్ నైటింగేల్ పతకాన్ని రెడ్‌క్రాస్ 1912లో నెలకొల్పింది. మొదటి ప్రపంచ యుద్ధం అడ్డు రావడంతో తొలి పతకాలు 1920లో గానీ అందలేదు.

పతకాల సంప్రదాయం నిలిచింది, హామీ మాత్రం పదేపదే భంగపడింది. 2015 అక్టోబరు 3 తెల్లవారుజామున అఫ్గానిస్తాన్‌లోని కుందుజ్‌లో 'డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్' అనే వైద్య సేవా సంస్థ ఆసుపత్రిపై అమెరికా యుద్ధ విమానం దాడి చేసింది. ఆసుపత్రి ఎక్కడుందో ఆ సంస్థ అన్ని పక్షాలకూ ముందే తెలియజేసింది. అయినా 42 మంది చనిపోయారు. వారిలో 14 మంది ఆసుపత్రి సిబ్బంది. 2016 మే 3న భద్రతా మండలి వైద్య సిబ్బందిపై దాడులను ఖండిస్తూ 2286వ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.

కుందుజ్ మృతులకు నిజమైన గౌరవం స్వతంత్ర విచారణే. జెనీవా ఒప్పందాల కిందనే అందుకొక అంతర్జాతీయ కమిషన్ ఉంది. దానితో విచారణ జరిపించాలని సంస్థ కోరింది. అమెరికా తన సైన్యంతోనే విచారణ జరిపించి, 16 మందిపై క్రమశిక్షణ చర్యలు తీసుకుంది. ఎవరిపైనా క్రిమినల్ కేసు పెట్టలేదు. కమిషన్ విచారణ మొదలుకావాలంటే అమెరికా, అఫ్గాన్ ప్రభుత్వాలు సమ్మతించాలి. ఆ సమ్మతి రాలేదు.