ప్రభుత్వం మారగానే ఛానల్ ఎందుకు ఆగిపోతోంది?

2024 జూన్ మొదటి వారం. ఫలితాలు వచ్చాయి, కొత్త ప్రభుత్వం ఇంకా ప్రమాణం చేయలేదు. అప్పటికే ఆంధ్రప్రదేశ్‌లో చాలాచోట్ల కేబుల్‌లో టీవీ9, ఎన్టీవీ, సాక్షి రావడం ఆగిపోయింది. వైఎస్సార్‌సీపీ టెలికాం, కేబుల్ రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి ఫిర్యాదు చేసింది. టీవీ9ను మళ్లీ ఇవ్వాలని ఢిల్లీ హైకోర్టు ఆపరేటర్లను ఆదేశించింది.

విజయవాడ, గుంటూరు వాళ్లకు ఇది అలవాటైన విషయమే. 2019లో వైఎస్సార్‌సీపీ గెలిచిన కొద్ది నెలలకే ఏబీఎన్, టీవీ5 ఆగితే, టెలికాం, ప్రసార వివాదాలు తేల్చే ట్రిబ్యునల్ టీడీశాట్ జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. 2016లో, టీడీపీ హయాంలో, కాపు ఉద్యమ నేత ముద్రగడ పద్మనాభం దీక్షప్పుడు సాక్షి టీవీ ఆగింది.

నాయకులకు ఇంత భయం ఎక్కడ పట్టుకుంది? 1995 ఆగస్టు 27న ఈటీవీ మొదలైంది, సెప్టెంబరు 1న చంద్రబాబు ముఖ్యమంత్రి అయ్యారు. ఎన్టీఆర్‌ను దించిన ఆ సంక్షోభాన్ని జనం ఎక్కువగా పేపర్లలోనే చదివారు. 2003 చివర్లో ఈటీవీ2, వెంటనే టీవీ9 వచ్చి 24 గంటల వార్తలు మొదలయ్యాయి. వాటి సత్తా 2009 డిసెంబరు 9 రాత్రి తెలిసొచ్చింది. కేంద్ర హోంమంత్రి చిదంబరం తెలంగాణ ప్రకటన చేయగానే సీమాంధ్ర ఎమ్మెల్యేలు వరసగా రాజీనామాలకు దిగారు. పక్క నియోజకవర్గం ఎమ్మెల్యే రాజీనామా స్క్రోలింగ్‌లో పోతుంటే, తానొక్కడే ఇంట్లో కూర్చునే ధైర్యం ఎవరికుంటుంది? రెండు వారాల్లో కేంద్రం వెనక్కి తగ్గింది.

అదే ఏడాది సాక్షి టీవీ, ఏబీఎన్ కూడా రావడంతో ప్రేక్షకులు పార్టీలవారీగా చీలారు. ఛానల్‌కూ అధికారానికీ మధ్య దూరం తగ్గుతూనే ఉంది: 2024లో టీవీ5 అధినేత బీఆర్ నాయుడు టీటీడీ ఛైర్మన్ అయ్యారు.

న్యూస్ ఛానల్‌కు అనుమతి ఇచ్చేది కేంద్రం. కాబట్టి రాష్ట్రంలో ఎవరున్నా దాన్ని మూయించలేరు. కానీ కేబుల్ వైరు వెళ్లేది మన వీధి కరెంటు స్తంభాల మీదుగా. స్తంభం విద్యుత్ సంస్థది, ఆపరేటర్ బతుకు ఆ వైరు మీదే. అలాంటి మనిషి స్థానిక నాయకుడి మాట కాదనడం చాలా కష్టం. పైగా ఇళ్లకు టీవీ, ఇంటర్నెట్ కనెక్షన్లిచ్చే ఏపీ ఫైబర్‌నెట్ రాష్ట్ర ప్రభుత్వానిదే.

ప్రజాప్రయోజనం కోసం ప్రసారం ఆపాలంటే అధికారి ఉత్తర్వు ఇవ్వాలని 1995 కేబుల్ చట్టం చెబుతోంది. బిల్లు కట్టే ఇల్లు ఆ ఉత్తర్వు చూపించమని అడగాలి. మనకు నచ్చని ఛానల్ ఆగినప్పుడు కూడా అడగాలి.