గోదావరి లంకల్లో వరద: మేం రోజూ వినే అపోహలు

లంక గ్రామాల్లో, అంటే గోదావరి పాయల మధ్య దీవుల్లాంటి ఊళ్లలో, వరదకు ముందు జాగ్రత్తల మీద శిక్షణ ఇవ్వడం మా పని. ఏ ఊరెళ్లినా ఈ మాటలే వినిపిస్తాయి.

అపోహ: మూడో ప్రమాద హెచ్చరిక వచ్చాక కదిలితే చాలు.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. మూడోది వచ్చేదాకా మీ ఊరి దారి మునగకుండా ఉండదు. కనకాయలంక కాజ్‌వే (ఏటిపాయ మీద వేసిన తక్కువ ఎత్తు దారి) లాంటివి మొదట్లోనే మునుగుతాయి, ఆ తర్వాత పడవే గతి. అందుకే మనకు ఎగువనున్న భద్రాచలం నీటిమట్టం చూడమంటాం. అక్కడ 43 అడుగులు దాటిందంటే మనకు దాదాపు ఒక రోజు టైం ఉన్నట్టు. గర్భిణులు, మంచం పట్టిన పెద్దవాళ్లు, డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు ఆ రోజే ఊరు దాటి గట్టు మీదికి చేరాలి.

అపోహ: లంక జనం మొండివాళ్లు, ఎంత చెప్పినా ఇల్లు వదలరు.

ఇది ఎక్కువగా ఆఫీసుల్లో వినే మాట. వాళ్లని ఆపేది గొడ్లు. పాలిచ్చే గేదెను గుంజకు కట్టేసి ఎవరొస్తారు? పునరావాస కేంద్రంలో పులిహోర పొట్లాలు సిద్ధంగా ఉంటాయి, గేదెకు గడ్డిపోచ ఉండదు. ఏటిగట్టు మీద ముందే ఎండుగడ్డి దించి, టార్పాలిన్ కట్టి చూడండి. గొడ్ల వెనకే మనుషులూ వస్తారు. దొంగల భయంతో ఇంటికొకరు ఉండిపోతామంటారు, అదీ నిజమైన భయమే. రాత్రిళ్లు కాపలా పడవ తిప్పితే సగం మంది దిగొస్తారు.

అపోహ: గోదారికి వరద కొత్తా? వాతావరణ మార్పు అంతా ఉత్త మాట.

వరద పాతదే. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది. 2022లో 71.3 అడుగులు జులై మధ్యలోనే వచ్చేసింది. ఆ ఒక్క వరదతో ఏదీ రుజువు కాదు గానీ, గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. మనకు నీళ్లొచ్చే మధ్య భారతంలో, విస్తారంగా పడే అతి భారీ వానలు 1950-2015 మధ్య మూడు రెట్లయ్యాయని శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు.

అపోహ: నీళ్లు తేటపడితే తాగొచ్చు.

తాగకూడదు. మునిగిన బోరుకి క్లోరినేషన్ అయ్యేదాకా కాచిన నీళ్లే.

అపోహ: మునుగుడు తట్టుకునే విత్తనం వేస్తే చాలు.

స్వర్ణ సబ్-1 వరి రెండు వారాల దాకా మునకను తట్టుకుంటుంది, చేలకు మంచిదే. లంకల్లో ఉండేది అరటి, కంద, కూరగాయలు. అక్కడి కౌలురైతుకి ముందు కావాల్సింది ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, తన పేరు. అది లేకపోతే పరిహారం భూమి యజమాని ఖాతాలో పడుతుంది.