గడప దాటే ముందు కాగితం

చి. కీర్తికి, చి. వంశీకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో వంశీ అడిగినదానికి అప్పటికప్పుడు సరైన జవాబు తట్టలేదు. "మనింట్లో దొంగసొత్తేమీ లేదు కదా తాతయ్యా, పోలీసులొచ్చి వెతుక్కుంటే మనకేం నష్టం?" అన్నాడు. వెనకనుంచి కీర్తి "నా డైరీ ఉంది!" అని అరవడం కూడా వినిపించింది. సగం జవాబు కీర్తే చెప్పేసింది. మిగతా సగం నేను రాస్తున్నాను.

ముందు ఖరక్ సింగ్ అనే ఆయన సంగతి వినండి. ఉత్తరప్రదేశ్ మనిషి. 1941లో ఒక బందిపోటు దోపిడీ కేసులో ఆయన్ని పట్టుకుని, సాక్ష్యం దొరక్క వదిలేశారు. అక్కడితో అయిపోవాలి కదా? అవలేదు. పోలీసులు ఆయన పేర హిస్టరీ షీట్, అంటే నిఘా పెట్టాల్సిన మనిషని రాసుకునే రికార్డు, తెరిచారు. ఇక అప్పుడప్పుడూ రాత్రిపూట కానిస్టేబుళ్లూ చౌకీదార్లూ రావడం, తలుపు బాదడం, కేకలేసి నిద్రలేపడం. ఇలా బతకలేనని ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ఆ ఇంట్లోంచి వాళ్లు పట్టుకెళ్లిందేమిటి? ఆయన నిద్ర. వంశీ, నువ్వడిగిన నష్టం అదే. దాచుకోడానికి ఏమీ లేనివాడికి కూడా పోయేది ఒకటుంటుంది.

1962లో ఆరుగురు జడ్జీలు తీర్పు చెప్పారు. రాత్రిపూట ఇళ్లకు వెళ్లే అధికారమిచ్చిన నిబంధన చెల్లదన్నారు. కానీ వాళ్లలో నలుగురు, మన రాజ్యాంగంలో గోప్యత హక్కు అనేదే లేదని కూడా అనేశారు. మిగిలిన ఇద్దరూ ఒప్పుకోలేదు. ఆ ఇద్దరిలో ఒకరు రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు, తర్వాత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. మనిషి ఏకాంతంలో పనిగట్టుకుని వేలు పెట్టడాన్ని మించి అతని సుఖానికీ ఆరోగ్యానికీ చేటు చేసేది లేదని ఆయన తన తీర్పులో రాశారు. ఓడిపోయిన తీర్పు అది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు, పుట్టస్వామి అనే ఆయన వేసిన కేసులో, ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కే అన్నారు. సుబ్బారావు గారి మాట గెలవడానికి 55 ఏళ్లు పట్టింది. ఆయన అప్పటికి లేరు.

అలాగని పోలీసులు గడప తొక్కనే కూడదని నేననను. ఎవర్నో ఎత్తుకొచ్చి ఓ గదిలో పెట్టి తాళం వేశారనుకోండి. "లోపలికి రావచ్చా అండీ" అని అడిగి, వద్దంటే వెనక్కి పోయే పోలీసులు మనకెందుకు? దొంగ నోట్లు, కత్తి, తప్పుడు లెక్కల పుస్తకం, ఇవన్నీ దొరికేది ఎవరో ఒకరి ఇంట్లోనే.

కాబట్టి అసలు ప్రశ్న రావచ్చా కూడదా అన్నది కాదు. ఎందుకొస్తున్నారో ఎప్పుడు రాయాలి అన్నది. రాకముందే రాయాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో మొత్తం దీనిమీదే ఆధారపడి ఉంది. ఏదైనా దొరికాక "మాకు ముందే అనుమానం ఉంది" అని ఎవరైనా చెప్పగలరు. దొరకకముందు, ఫలానా ఇంట్లో ఫలానా వస్తువు ఉంటుందని ఫలానా కారణం వల్ల నమ్ముతున్నాం అని రాసి సంతకం పెట్టడం కష్టం. ఆ కష్టమే మనకు రక్షణ. సోదా వారంటు అంటే అదే. పట్టుకోవాలన్న తొందర లేని ఇంకో మనిషి, మేజిస్ట్రేటు, ఆ కారణం చూసి సరే అనాలి.

మరి మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లేలోపు సరుకు మాయమైపోతుందంటే? అప్పుడు వారంటు లేకుండానే వెతకొచ్చు. కానీ అప్పుడూ కాగితం తప్పదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే నేరాల దర్యాప్తు, విచారణ ఎలా జరగాలో చెప్పే కొత్త చట్టం, దాని 185వ సెక్షన్ ప్రకారం ఆ అధికారి తన కారణాన్నీ, ఏ వస్తువు కోసం వెతుకుతున్నాడో దాన్నీ ముందుగా కేసు డైరీలో, అంటే దర్యాప్తు వివరాలు రాసే పుస్తకంలో, రాయాలి. ఆ నకలు 48 గంటల్లోపు మేజిస్ట్రేటుకు చేరాలి. మన ఇల్లే అయితే, అర్జీ పెట్టుకుంటే మనకూ ఉచితంగా ఇవ్వాలి.

వెతికేటప్పుడు ఆ ప్రాంతానికి చెందిన ఇద్దరు పెద్దమనుషులు సాక్షులుగా ఉండాలి. వీళ్లనే మన వైపు మధ్యవర్తులంటారు. నేను కోర్టు గుమస్తాగా ఉన్నన్నాళ్లూ మధ్యవర్తుల రిపోర్టులు ఎన్ని చూశానో లెక్కలేదు. నిజం చెప్పాలంటే కొన్ని చదువుతుంటే నవ్వొచ్చేది. వేర్వేరు ఇళ్లు, వేర్వేరు కేసులు, వాక్యాలు మాత్రం అవే, ఒక్కోసారి మధ్యవర్తులూ వాళ్లే! ఇప్పుడు కొత్త చట్టంలో సోదా మొత్తాన్ని వీడియో తీయాలని పెట్టారు, సెల్‌ఫోన్‌తో అయినా సరే. దీన్ని నేను మనసారా మెచ్చుకుంటాను. పోలీసులకీ మంచిదే, తర్వాత "మీరే తెచ్చి పెట్టారు" అనే మాట పడక్కర్లేదు.

ఇంకో కథ. 1957లో అమెరికాలో, క్లీవ్‌లాండ్‌లో, డాల్రీ మ్యాప్ అనే ఆవిడ ఇంటికి పోలీసులొచ్చారు. వారంటు చూపించందే రానివ్వనంది. కొన్ని గంటల తర్వాత మళ్లీ వచ్చి తలుపు బద్దలుకొట్టుకుని లోపలికొచ్చారు. వారంటేదని అడిగితే ఒకతను ఏదో కాగితం ఊపాడు. ఆవిడ దాన్ని లాక్కుని జాకెట్లో దోపుకుంది! వాళ్లు పెనుగులాడి మళ్లీ గుంజుకున్నారు. తర్వాత కోర్టులో ఆ వారంటు ఎవరూ చూపించలేదు. 1961లో అక్కడి సుప్రీంకోర్టు, చట్టవిరుద్ధంగా వెతికి పట్టుకున్నదాన్ని ఏ రాష్ట్రంలోనూ సాక్ష్యంగా వాడకూడదంది.

మన దగ్గర అలా లేదు. 1973లో పూరణ్‌మల్ అనే ఆయన వేసిన కేసులో మన సుప్రీంకోర్టు, సోదా పద్ధతి ప్రకారం జరగకపోయినా దొరికిన వస్తువు కేసుకు పనికొస్తే సాక్ష్యంగా తీసుకోవచ్చంది. ఒక పోలీసు పొరపాటుకు నేరస్థుణ్ణి వదిలేయాలా అనే వాదనలో బలం లేకపోలేదు. అయినా నాకు మింగుడుపడదు. ముందు రాయకపోయినా ఏమీ కానప్పుడు, ఎవరు రాస్తారు? 2017 తీర్పు తర్వాతైనా దీన్ని మళ్లీ గట్టిగా చూడాలి.

కీర్తీ, నీ డైరీ సంగతి. బీరువా వెతకడానికి ఒక గంట చాలు. నీ ఫోన్లో ఉన్నదంతా చదవాలంటే నెలలు పడుతుంది. ఇల్లంటే నాలుగు గోడలని రాసుకున్న రోజుల్లో పుట్టిన ఈ పద్ధతులు జేబులో పట్టే ఇంటికి ఇంకా పూర్తిగా అమరలేదు. ఫలానా వస్తువు అని ముందే రాయాలన్న నియమం మాత్రం ఫోన్‌కి మరీ ముఖ్యం. ఒక్క మెసేజ్ కోసం వచ్చి పదేళ్ల ఫొటోలు చూడకూడదు కదా.

ఇక వంశీ ఎలాగూ అడుగుతాడు, మరి వస్తే తలుపు తియ్యాలా అని. వారంటుతో వస్తే తియ్యాలి, తియ్యకపోతే బద్దలుకొట్టే అధికారం వాళ్లకుంది. అడ్డుపడొద్దు, తోసుకోవద్దు. ఎవరో అడగండి, కాగితం చూపమనండి, వెతుకుతున్నంతసేపూ అక్కడే ఉండండి, ఉండే హక్కు ఇంటివాళ్లకుంది. ఆడవాళ్ల ఒళ్లు తనిఖీ చేయాలంటే ఆడవాళ్లే చేయాలి. ఏమేం తీసుకెళ్లారో రాసిన జాబితా నకలు తప్పకుండా అడిగి తీసుకోండి. సంతకం పెట్టమంటే మొత్తం చదివాకే. ఈ చివరిమాట మీ నాన్నకి చదివి వినిపించండి, వాడికి కొరియర్ కాగితం మీద కూడా చూడకుండా సంతకం గీకే అలవాటు.

మీ తాతయ్య