ఇంటి సర్వర్లలో ఈఎస్‌ఎక్స్‌ఐ పోయి ప్రాక్స్‌మాక్స్ ఎందుకొచ్చింది?

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఇంట్లో సర్వర్ పెట్టుకునే కుర్రాళ్ల దారి చాలావరకు ఒకటే. అమీర్‌పేటలో కోర్సు, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొన్న సెకండ్‌హ్యాండ్ ఆఫీసు డెస్క్‌టాప్, అందులో పదహారు జీబీ ర్యామ్. ఇంటికి తెచ్చాక మొదటి ప్రశ్న: ఒక్క డబ్బాలో నాలుగైదు వర్చువల్ మెషీన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్లు, నడవాలంటే ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి? పదేళ్ల కింద అడిగితే వీఎంవేర్ కంపెనీ ఈఎస్‌ఎక్స్‌ఐ అనేవాళ్లు. ఇప్పుడు ప్రాక్స్‌మాక్స్ అంటున్నారు.

ఒకే యంత్రాన్ని పది యంత్రాలుగా పంచి వాడటం ఐబీఎం మెయిన్‌ఫ్రేముల కాలం నాటిది. అందుకోసం ఐబీఎం చేసిన వీఎం/370 వచ్చింది 1972లో. ఈ పద్ధతిని మామూలు పీసీల మీద సాధ్యం చేసి చూపింది 1998లో పుట్టిన వీఎంవేర్, ఆ ఘనత దానికి ఇవ్వాల్సిందే. 2005, 2006లలో ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్‌లోనే ఈ పనికి సాయం పెట్టాయి. ఆ తర్వాత పని తేలికైంది. 2007 ఫిబ్రవరిలో వచ్చిన లినక్స్ 2.6.20లో ఈ పని చేసే కేవీఎం భాగమైపోయింది, లినక్స్ ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగేది. ఇలా యంత్రాన్ని పంచడం, అంటే వర్చువలైజేషన్, ఇక ఒక కంపెనీ సొత్తు కాకుండా పోయిన ఘట్టం, నా లెక్కలో, అదే.

2008 అసలైన మలుపు. ఏప్రిల్‌లో వియన్నా నుంచి ప్రాక్స్‌మాక్స్ తొలి వెర్షన్ వచ్చింది. డెబియన్ అనే లినక్స్ మీద కేవీఎం, దాని పైన బ్రౌజర్‌లో తెరిచే ప్యానెల్. జులైలో వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్‌ఐని డబ్బు తీసుకోకుండా ఇచ్చింది. మైక్రోసాఫ్ట్ ఇలాంటిదే అయిన హైపర్-వీతో బరిలోకి దిగిన రోజులవి. ఆఫీసుల్లో, కోర్సుల్లో వీఎంవేరే కాబట్టి ఇంట్లోనూ అదే ఎక్కింది. ఇంట్లో నేర్చుకున్నది ఉద్యోగంలో పనికొచ్చేది కూడా.

కానీ అది నోటిమాట మీద ఇచ్చిన కౌలు లాంటిది. దున్నుకోనిస్తారు, పట్టా మాత్రం వాళ్లది. మొదటి దెబ్బ డ్రైవర్ల దగ్గర, అంటే హార్డ్‌వేర్‌ను నడిపించే చిన్న ప్రోగ్రాముల దగ్గర, పడింది. మన చేతికొచ్చే చవక బోర్డుల్లో నెట్‌వర్క్ చిప్ తరచూ రియల్‌టెక్‌దే. 2013 నాటి ఈఎస్‌ఎక్స్‌ఐ 5.5లోనే ఆ చిప్పుల డ్రైవర్లు తీసేశారు. బయటివాళ్లు తయారుచేసిన డ్రైవర్లతో కొన్నాళ్లు నెట్టుకొచ్చారు. 2020లో వచ్చిన 7.0 ఆ దారీ మూసేసింది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే, నెట్‌వర్క్ కార్డు దొరకలేదని చెప్పి ఇన్‌స్టాలర్ అక్కడికక్కడే ఆగిపోయేది. పనిచేసే ఇంటెల్ కార్డు కోసం మళ్లీ సీటీసీకి బస్సెక్కాలి.

రెండోది యాజమాన్యం మార్పు. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ను కొనేసింది. డిసెంబరులో శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపింది. 2024 ఫిబ్రవరిలో ఉచిత ఈఎస్‌ఎక్స్‌ఐనీ ఆపేసింది. 2025 ఏప్రిల్‌లో 8.0 అప్‌డేట్ 3ఈతో మళ్లీ ఇచ్చింది. ఇచ్చినా నాకు నమ్మకం కుదరలేదు. ఒకసారి తీసుకున్న చెయ్యి రెండోసారి తీసుకోదని ఎవరు హామీ ఇస్తారు?

వీఎంవేర్ ఒక్కటే ఇలా చేయలేదు. సిట్రిక్స్ కంపెనీ 2017 చివర్లో, ఇదే కోవకు చెందిన తన జెన్‌సర్వర్ 7.3 ఉచిత ఎడిషన్‌లో ముఖ్యమైన సదుపాయాలు కోసేసింది. అయితే దాని కోడ్ అందరికీ తెరిచి ఉంది కాబట్టి 2018లో దాన్నుంచే ఎక్స్‌సీపీ-ఎన్‌జీ అనే ఉచిత ప్రత్యామ్నాయం పుట్టింది. ఈఎస్‌ఎక్స్‌ఐ వాడినవాళ్లకు ఆ అవకాశమే లేదు. మైక్రోసాఫ్ట్ కూడా ఉచిత హైపర్-వీ సర్వర్‌ను 2019 వెర్షన్‌తో ముగించింది.

ప్రాక్స్‌మాక్స్ కోడ్ ఏజీపీఎల్ అనే ఓపెన్‌సోర్స్ లైసెన్సు కింద ఉంది. కంపెనీ రేపు మనసు మార్చుకున్నా, ఇప్పటికే విడుదలైన కోడ్‌ను ఎవరైనా తీసుకుని కొనసాగించవచ్చు. లాగిన్ అయిన ప్రతిసారీ సబ్‌స్క్రిప్షన్ లేదని ఒక చిన్న కిటికీ వస్తుంది, చూసి కంగారు పడొద్దు. ఓకే నొక్కితే చాలు, ఏ సదుపాయమూ ఆగదు. అప్‌డేట్లు తెచ్చుకునే చోటుగా మొదట ఉండే, డబ్బు కట్టినవాళ్ల ఎంటర్‌ప్రైజ్ రిపాజిటరీ తీసేసి సబ్‌స్క్రిప్షన్ అక్కర్లేనిది పెట్టుకుంటే అప్‌డేట్లూ వస్తాయి. రియల్‌టెక్ చిప్పులను కూడా లినక్స్ చాలావరకు గుర్తుపడుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ప్రాక్స్‌మాక్సే. ప్యానెల్ అక్కర్లేదనుకుంటే ఉత్త డెబియన్ మీద కేవీఎం చాలు.

పాత ఈఎస్‌ఎక్స్‌ఐ డబ్బా ఇంకా నడుస్తున్నవాళ్లకూ దారి ఉంది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ప్రాక్స్‌మాక్స్ 8.2, ఈఎస్‌ఎక్స్‌ఐ మెషీన్లను నేరుగా తెచ్చుకునే సదుపాయంతో వచ్చింది. ముందు మెషీన్లకు మరో హార్డ్‌డిస్కులో కాపీ తీసుకోండి, వాటిని షట్‌డౌన్ చేసి అప్పుడు మార్చండి.