మగ్గాన్ని అనుకరించిన సూది

16, 17 శతాబ్దాల్లో ఒట్టోమన్ సామ్రాజ్యంలో కుట్టిన రజాయి పైగుడ్డలు కొన్ని ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నాయి. నార బట్ట మీద పట్టు దారంతో వేసిన పెద్ద పెద్ద తులిప్‌లు, కార్నేషన్‌లు, దానిమ్మకాయలు. దూరం నుంచి చూస్తే ఖరీదైన నేత అనిపిస్తుంది. దగ్గరికెళ్లి అతుకుల దగ్గర చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఎడమ ముక్కలో ఆగిపోయిన సగం పువ్వుకి కుడి ముక్కలో ఉన్న మిగతా సగం సరిగ్గా కలవదు, కాస్త కిందికి జారి ఉంటుంది. ఒక్కోసారి రెండు వైపుల ఎరుపు కూడా ఒకటి కాదు.

కారణం మామూలుదే. ఆ నార బట్టల పన్నా దాదాపు అర మీటరే. ముందు ముక్కల్ని పైపైన కలిపి కుట్టి, వాటి మీద డిజైన్ గీసేవారు. తర్వాత ఆ కుట్లు విప్పేసి, ఒక్కో ముక్కని విడిగా చట్రానికి బిగించి పని చేసేవారు. అంతా అయ్యాక మళ్లీ అతికేవారు. చెయ్యి మారితే దారం బిగువు మారుతుంది, బిగువు మారితే పువ్వు జరుగుతుంది. మచ్చలేని రాజవస్త్రాల కన్నా ఈ తేడా ఉన్న ముక్కలే నాకు ఎక్కువ నచ్చుతాయి.

ఇంతకీ ఈ డిజైన్లు ఎక్కడివి? 1326లో ఒట్టోమన్ల చేతికొచ్చిన బుర్సా నగరం (ఇప్పటి టర్కీలో ఉంది), ఇరాన్ నుంచి వచ్చే ముడి పట్టుకి పెద్ద బజారు అయింది. అక్కడ జరీ కలిపి నేసే కెమ్హా, పట్టు మఖ్మల్‌తో చేసే చాత్మా గొప్పింటి వస్త్రాలు. అలాంటి మగ్గం మీద ఒకసారి డిజైన్ కట్టాక అదే మళ్లీ మళ్లీ రావాలి, లేకపోతే కట్టిన శ్రమ దండగ. అందుకే కొసలు తేలిన గళ్లు వరసగా పేర్చి, ప్రతి గడిలో ఒకే పువ్వు పెట్టేవారు. సూదికి ఆ బాధ లేదు, ఎక్కడ ఏ బొమ్మైనా వేయగలదు. అయినా కుట్టేవాళ్లు ఏరికోరి అవే గళ్లు, అదే వరస ఎంచుకున్నారు. అందరూ మెచ్చే అందం అప్పటికి ఆ నేతదే మరి.

ఆ అందానికి మూలం ఇస్తాంబుల్ రాజప్రాసాదంలోని చిత్రకారుల కార్ఖానా. ఇరాన్‌లోని తబ్రీజ్ నుంచి వచ్చిన షాకులు అనే చిత్రకారుడు పొడవాటి, రంపపు అంచుల, మెలితిరిగిన ఆకుల శైలిని నిలబెట్టాడు. అతని శిష్యుడు కారా మెమీ 16వ శతాబ్దం మధ్యలో తులిప్, కార్నేషన్, గులాబీ, హయసింత్‌లని తోటలో చూసినట్టే గీశాడు. ఇజ్నిక్ ఊరి పింగాణీ మీద, కాఫ్తాన్లనే పొడుగు అంగీల మీద, రజాయిల మీద కనిపించేవి ఈ పువ్వులే. మూడు గుండ్రని చుక్కలు, పక్కన అలల్లాంటి రెండు గీతలు ఉండే ఇంకో గుర్తుంది. దాన్ని కళాచరిత్రకారులు చింతామణి అంటారు. అది బౌద్ధుల రత్నమని కొందరు, చిరుత మచ్చలూ పులి చారలూ అని కొందరు వాదిస్తారు.

పట్టు పోగుని అడ్డంగా కోస్తే ఇంచుమించు త్రిభుజంలా ఉంటుంది. దాని నున్నటి ముఖాల మీద పడిన వెలుగు ఒక దిక్కుకి ఎక్కువగా తిరిగొస్తుంది. దారాన్ని బాగా పేనితే ఆ మెరుపు చెదిరిపోతుంది. అందుకే ఈ పనిలో పేనీ పేనని దారం వాడి, పొడుగ్గా పరిచి, చిన్న చిన్న కుట్లతో నొక్కిపట్టేవారు. ఒకే ఎర్ర దారం ఒక రేకులో నిలువుగా, పక్క రేకులో ఏటవాలుగా పడితే రెండు ఎరుపుల్లా కనిపిస్తుంది. ఎరుపు ఎక్కువగా మంజిష్ఠ జాతి మొక్క వేరు నుంచీ, కీటకాల నుంచీ వచ్చేది. మన దేశం నుంచి వెళ్లిన లక్క కూడా బుర్సాలో అమ్ముడయ్యేది.

పాపం నలుపు. మాచికాయ లాంటి వగరు సరుకుతో ఇనుప ఉప్పు కలిపి ఆ రంగు వేసేవారు. ఇనుము ఆ పట్టుని లోపల్నుంచి తినేస్తుంది. పువ్వుల చుట్టూ కుట్టిన నల్ల గీత చాలా ముక్కల్లో పొడై రాలిపోయింది. దాని కింద ఎప్పుడో గీసిన సిరా గీత బయటపడింది. అది చూస్తే కుట్టిన మనిషి గీత మీదే నడిచిందా, పక్కకి జరిగిందా అన్నది తెలిసిపోతుంది.

18వ శతాబ్దానికి సూది మగ్గాన్ని వదిలేసింది. తువ్వాళ్ల రెండు కొసల మీద ఇళ్లు, పడవలు, సరుగుడు లాంటి సైప్రస్ చెట్లు వచ్చాయి. పోగులు లెక్కపెట్టి, రెండు వైపులా ఒకేలా కనిపించేట్టు కుట్టేవారు. చట్రం మీద కొక్కెం సూదితో గొలుసుకుట్టు వేసే పద్ధతీ బాగా నడిచింది. మగ్గం వర్క్ బ్లౌజులు కుట్టించుకునేవాళ్లకి ఆ సూది పరిచయమే.

పాత బట్టల బజారులో ప్రతిదీ "సుల్తాన్ల కాలం నాటిదే" అంటారు. నిజానికి సుల్తాన్లు 1922 దాకా ఉన్నారు, కాబట్టి ఆ మాట పెద్ద అబద్ధమూ కాదు. కొనేవాళ్లు ఊదా, మెజెంటా దారాలు చూసుకోవాలి. ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త పెర్కిన్ మొదటి కృత్రిమ రంగు, ఆ ఊదా, తయారుచేసింది 1856లో, ఆ తర్వాత మూడేళ్లకి మెజెంటా వచ్చింది. పరీక్షలో అసలు కుట్టులోనే ఆ రంగులు తేలితే, తులిప్ ఎంత పాత పద్ధతిలో ఉన్నా ఆ ముక్క అంతకు ముందుది కాదు.